వాయుగుండం పుట్టకముందే హ్యామ్ రేడియో కంప్యూటర్‌ను చక్కదిద్దుకోండి

అక్టోబరు వచ్చిందంటే కోనసీమలో ఆకాశం వంక చూడకుండా రోజు గడవదు. 1996 నవంబరు 6 రాత్రి గుర్తున్న ఇళ్లలో కొబ్బరి మట్టలు గట్టిగా కొట్టుకుంటే చాలు, పెద్దవాళ్లు లాంతరులో నూనె చూసుకుంటారు. లైసెన్సుతో సొంతంగా నడుపుకునే హ్యామ్ రేడియో ఉన్న ఇళ్లలో బ్యాటరీ నీళ్లు చూస్తాం, ఏంటెనా స్తంభం తాళ్లు బిగిస్తాం. బల్ల మీది ల్యాప్‌టాప్‌ను మాత్రం ఎవరూ పట్టించుకోరు. తీరా గాలి ఊపందుకున్నాక మొరాయించేది అదే.

మైకు ఉండగా కంప్యూటర్ ఎందుకని అడిగేవాళ్లు ఉన్నారు. నిజమే, ముందు మాటే. కానీ పునరావాస కేంద్రానికి ఎన్ని బియ్యం బస్తాలు కావాలి, ఏ మందులు కావాలి, చంటిపిల్లలు ఎంతమంది అన్న పట్టికను ఉరుముల గరగరలో గొంతుతో చెప్పి, అవతలివారు రాసుకుని, తిరిగి చదివి వినిపించేసరికి బ్యాటరీ సగమవుతుంది. మామిడికుదురు అన్నామో మలికిపురం అన్నామో తేలదు. కంప్యూటర్‌ను రేడియోకు కలిపి అక్షరాల్లో పంపితే ఆ బాధ లేదు. ఇందుకు ఎఫ్‌టీ8 అనే డిజిటల్ ప్రసార పద్ధతి మీద ఆశ పెట్టుకోకండి. అందులో సొంత మాటలకు 13 అక్షరాలే చోటు. మన ప్రసారం అవతలికి చేరే దారి తెరిచి ఉందో లేదో చూసుకోవడానికి అది బాగుంటుంది. కబురు పంపడానికి జేఎస్8కాల్, ఎఫ్‌ఎల్‌డిజి, విన్‌లింక్ లాంటి ప్రోగ్రామ్‌లు కావాలి.

ప్రోగ్రామ్ ఉన్నట్టుండి మూసుకుపోతే తప్పు ప్రోగ్రామ్‌దే అనుకోవడం మన అలవాటు. నా అనుభవంలో చాలాసార్లు దాని తప్పు లేదు. రెండేళ్ల క్రితం మా ఇంట్లో 40 మీటర్ల తరంగదైర్ఘ్యం బ్యాండ్‌పై ప్రసారం మొదలుపెట్టిన రెండు మూడు సెకన్లకే తెర బిగుసుకుపోయేది. మూడుసార్లు తీసేసి మళ్లీ ఎక్కించాను. పాత వెర్షన్ పెట్టి చూశాను. విండోస్ తీసి లినక్స్ కూడా వేశాను. అదే రోగం. చివరికి ఒక రాత్రి విసుగొచ్చి పవరు 50 వాట్ల నుంచి 5 వాట్లకు తగ్గించాను. హాయిగా పనిచేసింది! రిగ్‌కు (రేడియో సెట్టుకు), ల్యాప్‌టాప్‌కు మధ్య ఉన్న యూఎస్‌బీ తీగ నా సొంత ప్రసారాన్నే పట్టుకుని ల్యాప్‌టాప్‌లోకి మోసుకుపోతోంది. ఆ దెబ్బకు సౌండు కార్డు, రిగ్‌ను కంప్యూటర్‌తో నడిపే సీరియల్ పోర్టు రెండూ ఒక్క క్షణం మాయమవుతున్నాయి. వాటిని పట్టుకుని ఉన్న ప్రోగ్రామ్ కూలిపోతోంది. తీగను పొట్టిది మార్చి, దాన్ని రేడియో తరంగాలను అడ్డుకునే ఫెర్రైట్ కడియంలోంచి ఐదారు చుట్లు తిప్పి రెండు చివర్లా బిగించాక మళ్లీ ఆ గొడవ లేదు.

కాబట్టి ఏ ఆపరేటింగ్ సిస్టమ్ అయినా మొదటి పరీక్ష ఇదే. ఏంటెనా తీసి, ప్రసారాన్ని బయటికి పోనివ్వకుండా తనలోనే ఇంకించుకునే డమ్మీ లోడు తగిలించండి, లేదా పవరు 5 వాట్లకు దించండి. అప్పుడు నిలబడితే రోగం తీగల్లో ఉంది. అప్పుడూ కూలితే కంప్యూటర్ లోపల వెతకాలి. ఇంకో అనుమానితుడు కరెంటు. రిగ్‌కు కావలసింది 13.8 వోల్టులు. ముసలి బ్యాటరీ ప్రసారం మొదలవగానే 11 వోల్టులకు జారితే రిగ్ క్షణం పాటు ఆరిపోతుంది, పోర్టు తెగిపోతుంది, తిట్లు మాత్రం ప్రోగ్రామ్‌కు పడతాయి. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి యూఎస్‌బీ పిన్నులు పచ్చబడి ఇదే పని చేస్తాయి. సీజను ముందు ఒక్కో ప్లగ్గూ తీసి వెలుతురులో చూడండి.

విండోస్ వాడేవాళ్లకు పెద్ద శత్రువు అప్‌డేట్. నిన్నటిదాకా 'యూఎస్‌బీ ఆడియో కోడెక్' అన్న పేరుతో ఉన్న పరికరం ముందు ఈరోజు '2-' వచ్చి చేరుతుంది, కామ్ పోర్టు (విండోస్‌లో సీరియల్ పోర్టు పేరు) నంబరు మారుతుంది, ప్రోగ్రామ్ పాత పేరునే వెతుక్కుంటుంది. సెప్టెంబరులోనే అప్‌డేట్లన్నీ పూర్తి చేసి, అన్నీ పనిచేస్తున్నాయని చూసుకుని, ఆపై వాటిని నిలిపేయండి. పవర్ సెట్టింగుల్లో యూఎస్‌బీని నిద్రపుచ్చే ఏర్పాటును ఆపండి. యూఎస్‌బీని సీరియల్‌గా మార్చే చవక తీగల్లో నకిలీ ప్రొలిఫిక్ చిప్పులు ఉంటాయి, కొత్త డ్రైవరు వాటిని ఒప్పుకోదు. అలాంటి తీగ మీద తుఫాను రాత్రిని పెట్టుకోవద్దు. అంతకీ ప్రోగ్రామ్ కూలితే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, తప్పు జరిగిన మాడ్యూల్ పేరు చూడండి. అక్కడ ఆడియో డ్రైవరు పేరు కనిపిస్తే ప్రోగ్రామ్‌ను మళ్లీ ఎక్కించినా లాభం లేదు.

లినక్స్‌లో బొమ్మ మీద నొక్కి తెరవకండి, టెర్మినల్ నుంచి తెరవండి. కూలేముందు అది చెప్పే చివరి మాట అక్కడే కనబడుతుంది. పోర్టు తెరుచుకోవడం లేదంటే మీ ఖాతా సీరియల్ పోర్టులు వాడే అనుమతి ఉన్న 'డయలౌట్' గ్రూపులో ఉందో లేదో చూసుకోండి. ఉబుంటు 22.04లో ఒక చిత్రం ఉంది. అంధుల బ్రెయిలీ పరికరాల కోసం ఉన్న బీఆర్ఎల్‌టీటీవై అనే సేవ సీహెచ్340 చిప్పు ఉన్న యూఎస్‌బీ-సీరియల్ తీగను చూసి తనదే అనుకుని లాగేసుకుంటుంది. బ్రెయిలీ పరికరం వాడనివారు దాన్ని తీసేయవచ్చు. ఎఫ్‌టీ8ను నడిపే డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ ప్రోగ్రామ్ ఒకసారి కూలి మళ్లీ తెరుచుకోనంటే, దాని డీకోడరు జేటీ9 ఇంకా వెనక బతికే ఉందేమో వెతికి ఆపండి. 'రాస్ప్‌బెర్రీ పై' అనే చిన్న కంప్యూటర్ వాడితే, దాని తెర మూలన మెరుపు గుర్తు వచ్చిందంటే కరెంటు 4.63 వోల్టులకు దిగువకు పడిందని అర్థం. దాన్ని పట్టించుకోకుండా ఉంటే మెమరీ కార్డే పాడవుతుంది.

మ్యాక్ వాళ్లకు రెండే చిక్కులు. సిస్టమ్ మారినప్పుడు మైకు అనుమతి పోయి ప్రోగ్రామ్ చెవిటిదైపోవడం ఒకటి. డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ షేర్డ్ మెమరీ దొరకలేదని చెప్పి మొదలవకుండా ఆగిపోవడం రెండోది. దీనికి మందు ఆ ప్రోగ్రామ్‌తో పాటు వచ్చే రీడ్‌మీ ఫైలులోనే ఉంది. చదవకుండా పారేస్తాం కదా, అదే.

మూడింటిలోనూ పనికొచ్చే చిట్కా ఒకటి. ప్రోగ్రామ్ తెరుచుకోగానే మూసుకుపోతుంటే దాని ఐఎన్ఐ సెట్టింగుల ఫైలుకు పేరు మార్చి చూడండి. డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్, జేఎస్8కాల్ ఆ ఫైలును విండోస్‌లో యాప్‌డేటా కింద లోకల్ ఫోల్డరులో, లినక్స్‌లో దాగి ఉండే కాన్ఫిగ్ ఫోల్డరులో, మ్యాక్‌లో లైబ్రరీ కింద ప్రిఫరెన్సెస్‌లో దాస్తాయి. చెరిపేయవద్దు, పేరు మాత్రమే మార్చండి. అంతా బాగున్న రోజునే ఆ ఫైలు నకలును, ప్రోగ్రామ్ ఇన్‌స్టాలరును, డ్రైవర్లను పెన్‌డ్రైవులో పెట్టుకోండి. సెల్ టవర్లు పడిపోయాక డౌన్‌లోడ్ చేసుకోవడం ఉండదు.

గడియారం సంగతి మరిచిపోతే అన్నీ బాగుండీ ఏమీ పనిచేయదు. ఎఫ్‌టీ8 15 సెకన్ల వాటాల్లో నడుస్తుంది, గడియారం రెండు సెకన్లకు మించి తేడా వస్తే తెర ఖాళీగా ఉంటుంది. మనం ప్రోగ్రామ్ ఆగిపోయిందనుకుంటాం. నెట్ లేని రోజుల్లో ల్యాప్‌టాప్ గడియారం నెమ్మదిగా జారుతుంది. ఒక యూఎస్‌బీ జీపీఎస్ ఉంటే నిశ్చింత. లేకపోతే, జేఎస్8కాల్‌లో వినబడుతున్న స్టేషన్లను బట్టి సమయం సర్దుకునే వీలుంది. దాన్ని ఇప్పుడే నేర్చుకోండి.

వాయుగుండం వార్త రాకముందే ఒక సాయంత్రం మెయిన్ స్విచ్ కట్టేసి, ఫోనులో డేటా ఆపేసి, బ్యాటరీ మీద రెండు గంటలు నడిపి చూడండి. మొదటిసారి చేసినప్పుడు నాకు ల్యాప్‌టాప్ పాస్‌వర్డు నెట్ లేకుండా పనిచేస్తుందో లేదో కూడా తెలియదు. ఇంట్లోవాళ్లు టీవీ సీరియల్ పోయిందని సణిగారు, ఆ మాట పడక తప్పదు.

కాకినాడ రేవులో హెచ్చరిక నంబరు పెరిగిందని విన్నాక కొత్తగా ఏదీ ఎక్కించకండి, ఏదీ మార్చకండి. గాలి ముదరకముందే కొబ్బరి చెట్లకు కట్టిన డైపోల్ (తీగ ఏంటెనా) దించి, కేబుల్‌ను రిగ్ నుంచి ఊడదీయండి. తెల్లారాక ఆ చెట్లు ఉంటాయో లేదో చెప్పలేం. అందుకని ఆరేసి మీటర్ల వెదురు గడలు రెండు చూరు కింద కట్టి ఉంచండి. 20 మీటర్ల తీగను అంత ఎత్తున లాగినా 40 మీటర్ల బ్యాండ్‌లో పగటిపూట రాజమహేంద్రవరం, విజయవాడ దూరాలకు సరిపోతుంది.