హాస్టల్లో ఒకేసారి పదిమంది జబ్బుపడితే ఏం చెయ్యాలి: ఒక మాజీ డిప్యూటీ వార్డెన్ చెప్పే పద్ధతి

నేను తొమ్మిదేళ్ళు ఒక ప్రైవేట్ ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పాను, దాంతో పాటు హాస్టల్ డిప్యూటీ వార్డెన్ అనే పని కూడా నెత్తిన పెట్టారు, జీతం పెంచకుండా. ఆ తొమ్మిదేళ్ళలో ఒకసారి ఆటలమ్మ, ఒకసారి కళ్ళకలక, రెండుసార్లు మోషన్స్, మధ్యలో కరోనా ఎలాగూ ఉంది. ప్రతిసారీ జబ్బు కన్నా ముందు నాకు కనిపించింది ఒకటే, దాచడం. పిల్లలు అటెండెన్స్ పోద్దని దాస్తారు, మెస్‌లో వంటాయన కూలి పోద్దని దాస్తాడు, మేనేజ్‌మెంట్ అడ్మిషన్లు పోతాయని దాస్తుంది. అందుకే ముందు వీళ్ళెవరికీ దాచే అవసరం లేకుండా చెయ్యండి, బ్లీచింగూ గీచింగూ దాని తర్వాతే.

మొదటి రాత్రే అటెండెన్స్ సంగతి తేల్చెయ్యండి

మీకు ముగ్గురు కనిపించారంటే ముప్పైమంది ఉన్నట్టే, మిగతావాళ్ళు ట్యాబ్లెట్ వేసుకుని ల్యాబ్‌కి వెళ్ళిపోతున్నారు. ఎందుకంటే జేఎన్టీయూ రూల్స్‌లో 75 శాతం హాజరు కావాలి, 65కీ 75కీ మధ్యలో ఉంటే సరైన కారణం, దానికి ఆధారం చూపిస్తే కాలేజీ అకడమిక్ కమిటీ కండొనేషన్ ఇవ్వొచ్చు, అంటే తగ్గిన హాజరుని మాఫీ చెయ్యొచ్చు, 65 కన్నా తగ్గితే డిటెండ్, పరీక్ష రాయనివ్వరు. ఈ లెక్క ఫస్టియర్ పిల్లాడికి కూడా నోటికి వచ్చు. కాబట్టి ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళి కూర్చుని ఒక సర్క్యులర్ సంతకం పెట్టించండి, "హాస్టల్ సిక్ రిజిస్టర్‌లో పేరు రాయించుకున్న రోజులకి కండొనేషన్ కోసం వేరే డాక్టర్ సర్టిఫికెట్ అడగం, రిజిస్టర్ ఎంట్రీనే ఆధారంగా కమిటీ ముందు పెడతాం" అని. రేపు చూద్దాం అంటారు, రేపు వద్దు, ఆ రాత్రే కావాలి. మా దగ్గర రెండోసారి మోషన్స్ వచ్చినప్పుడు సర్క్యులర్ పెట్టిన రాత్రి రిజిస్టర్‌లో ఏడు పేర్లు ఉంటే పొద్దున్న టిఫిన్ టైమ్‌కి ఇరవై మూడు అయ్యాయి. మేనేజ్‌మెంట్ వాళ్ళు జబ్బు పెరిగిపోయిందని కంగారుపడ్డారు, నిజానికి దాచుకున్నవాళ్ళు బయటికొచ్చారు అంతే.

వంటవాళ్ళకీ ఇదే. ఒంట్లో బాగోకపోతే రావద్దు, వచ్చినా రాకపోయినా కూలి ఇస్తాం అని మెస్ కాంట్రాక్టర్ చేత వాళ్ళ ముందే చెప్పించండి. అన్నం వార్చే మనిషికి మోషన్స్ ఉండి కూడా కూలి కోసం వచ్చాడంటే మీరు ఎన్ని ట్యాంకులు కడిగినా దండగ. తగ్గాక కూడా ఒక రెండ్రోజులు వంటింట్లోకి రానివ్వకండి.

రిజిస్టర్ అంటే పేర్ల లిస్టు కాదు

200 పేజీల లాంగ్ నోట్‌బుక్ చాలు. పేరు, రూమ్ నంబర్, ఏ రోజు ఏ టైమ్‌కి మొదలైంది, ముందు రెండ్రోజులు ఎక్కడ తిన్నాడు, తాగే నీళ్ళు ఏ కూలర్ నుంచి పట్టుకుంటాడు. ఈ చివరి కాలమ్ అందరూ వదిలేస్తారు. మేం చేసిన పని ఏంటంటే సీఆర్ (క్లాస్ రిప్రజెంటేటివ్) ఒకడు హాస్టల్ ప్లాన్ చార్ట్ మీద గీసి రూమ్‌ల మీద ఎర్ర పెన్‌తో చుక్కలు పెట్టాడు, ఇరవై మూడు చుక్కల్లో పంతొమ్మిది బి బ్లాక్ సెకండ్ ఫ్లోర్‌లోనే పడ్డాయి. అప్పటిదాకా అందరం ఆదివారం చికెన్‌ని తిడుతున్నాం. చికెన్ అయితే నాలుగు ఫ్లోర్లకీ రావాలి కదా! ఆ ఫ్లోర్ కూలర్‌కి మాత్రం ఆర్ఓ లైన్ పాడైతే ఎవరో ప్లంబర్ పాత సంప్ లైన్ తగిలించి పోయాడు, సంప్ మూత మూలన విరిగి ఉంది, దాని పక్క నుంచే స్నానాల గదుల కాలువ. వాసన చూస్తే అర్థమైపోయింది.

అదే రోజు దగ్గర్లోని పీహెచ్‌సీ డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి, ఆయన ద్వారా డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్యాధికారి) ఆఫీసుకి తెలుస్తుంది, అక్కడ అంటువ్యాధుల మీద నిఘా పెట్టే టీమ్ ఉంటుంది, వాళ్ళు వచ్చి శాంపిల్స్ తీస్తారు. ఇక్కడ ఒక తిరకాసు ఉంది, యాంటీబయాటిక్ మొదలుపెట్టాక తీసిన శాంపిల్‌లో క్రిమి దొరకడం కష్టం. మన దగ్గర ఏం జరుగుతుందంటే ఊళ్ళో ఆర్ఎంపీని పిలిపించి అందరికీ ఒకే ట్యాబ్లెట్ పంచేస్తారు, అదొక పెద్ద సేవ అనుకుని. ఆగండి, ముందు శాంపిల్, తర్వాత డాక్టర్ ఏది రాస్తే అది.

నీళ్ళు

తాగే నీళ్ళు ఆ పూటకి ఆపేసి ట్యాంకర్‌తోనో కాచిన నీళ్ళతోనో నడపండి, నీళ్ళు కాచడం అంటే వేడెక్కితే దించెయ్యడం కాదు, తెర్లాలి. ఈలోపు సంప్, ఓవర్‌హెడ్ ట్యాంక్ ఖాళీ చేసి అడుగున బురద తీసి రుద్ది కడిగించండి. బురద ఉంచి పైన బ్లీచింగ్ పోస్తే క్లోరిన్ అంతా ఆ బురదకే సరిపోద్ది. కొత్త నీళ్ళు నిండాక మంచి బ్లీచింగ్ పౌడర్ అయితే మామూలు రోజుల్లో వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాములు సరిపోతాయి, జబ్బు ఉన్నప్పుడు ఐదు గ్రాముల దాకా వేస్తారు. అంటే పదివేల లీటర్ల ట్యాంక్‌కి 50 గ్రాములు. బకెట్‌లో పేస్టులా కలిపి, నీళ్ళు పోసి, సున్నం కిందికి దిగాక పైన తేట మాత్రమే ట్యాంక్‌లో పొయ్యాలి, గంట ఆగాలి. మూత లేని గోతంలో ఆర్నెల్లుగా పడున్న పౌడర్ అయితే పారెయ్యండి, దాంట్లో క్లోరిన్ ఎప్పుడో ఎగిరిపోయి ఉంటుంది.

తర్వాత ఓటీ టెస్ట్, అంటే నీళ్ళల్లో క్లోరిన్ మిగిలిందో లేదో చూసే ఆర్థోటాలిడిన్ టెస్ట్. చిన్న గాజు ట్యూబ్, ఒక బాటిల్, పంచాయతీ వాళ్ళ దగ్గర ఉంటుంది లేదా కొనుక్కోవచ్చు. ట్యాంక్ కింద టెస్ట్ చేసి పసుపు రంగు వచ్చిందని సంతోషపడొద్దు, అన్నిటికన్నా దూరంగా చివర ఉన్న కుళాయి దగ్గర చెయ్యాలి. అక్కడ పసుపు రంగు రాకపోతే మధ్యలో ఎక్కడో పైపు లీకై ఉండొచ్చు. లీటర్‌కి 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మామూలు రోజుల లెక్క, జబ్బు రోజుల్లో 0.5 ఉండేలా చూసుకోండి.

ఆర్ఓ ఉంది కదా మాకేం భయం అనేవాళ్ళకి ఒక మాట. ఆర్ఓ నుంచి వచ్చిన నీళ్ళల్లో క్లోరిన్ మిగలదు, అందుకని ఆ తర్వాత కూలర్‌లో గానీ బబుల్ క్యాన్‌లో గానీ ఎవడి చెయ్యి పడినా దాన్ని ఆపేది ఏమీ ఉండదు. కూలర్ లోపల ట్యాంక్ చివరిసారి ఎప్పుడు కడిగారో అడిగి చూడండి, ఎవరూ చెప్పలేరు.

పడుకున్నవాళ్ళని చూసుకోవడం

మోషన్స్‌కి సెలైన్ ఎక్కిస్తేనే తగ్గుద్దని మన జనం నమ్మకం. తాగగలిగినవాడికి ఓఆర్ఎస్ చాలు. పెద్ద ప్యాకెట్ సరిగ్గా లీటర్ నీళ్ళకి, గ్లాసు నీళ్ళల్లో ప్యాకెట్ మొత్తం కలపకూడదు. ప్యాకెట్ లేకపోతే లీటర్ కాచి చల్లార్చిన నీళ్ళకి ఆరు చిన్న చెంచాలు పంచదార, అర చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి కొలవాలి. గంజిలో ఉప్పేసి ఇవ్వొచ్చు, మజ్జిగ ఇవ్వొచ్చు. ఓఆర్ఎస్ అని పెద్దగా రాసి అమ్మిన తీపి టెట్రా ప్యాక్‌లు మాత్రం వద్దు, వాటి మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడితే చివరికి 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడొద్దంది.

ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా, కళ్ళు లోపలికి పోయినా, మగతగా ఉన్నా, రక్తం పడినా, ఏది తాగినా వాంతి అయిపోతున్నా 108కి ఫోన్ చెయ్యండి, వార్డెన్ బైక్ మీద కూర్చోబెట్టి తీసుకెళ్ళే సాహసం వద్దు. జబ్బుపడినవాళ్ళకి బాత్రూమ్‌లు వేరే కేటాయించండి, అక్కడ సబ్బు పెట్టండి, శానిటైజర్ కాదు. వాంతులూ విరేచనాలూ తెచ్చే నోరోవైరస్ లాంటి వాటి మీద శానిటైజర్ పెద్దగా పనిచెయ్యదు.

మిగతా జబ్బులకి లెక్క వేరు. ఆటలమ్మ అయితే పొక్కులన్నీ చెక్కు కట్టేదాకా వేరే గది, చిన్నప్పుడు వచ్చిపోయినవాళ్ళనే భోజనం ఇవ్వడానికి పంపండి, గర్భిణులైన మేడమ్స్‌ని, స్టాఫ్‌ని దూరం పెట్టండి, వేపాకులు పెట్టుకుంటే పెట్టుకోనివ్వండి, దాని మీద గొడవెందుకు. కళ్ళకలకకి టవలూ దిండూ వేరు, మెడికల్ షాపువాడు ఇచ్చే స్టెరాయిడ్ చుక్కలు డాక్టర్ రాయకుండా వెయ్యొద్దు. డెంగ్యూ మనిషి నుంచి మనిషికి సోకదు, కానీ జ్వరంగా ఉన్నవాణ్ణి కుట్టిన దోమ ఇంకొకణ్ణి కుడుతుంది, అది పగలు కుట్టే దోమ కాబట్టి దోమతెర పగలు కూడా కట్టాలి. పారాసెటమాల్ తప్ప ఒళ్ళునొప్పుల ట్యాబ్లెట్లు వద్దు. జ్వరం తగ్గిందని సంబరపడే రోజే కడుపునొప్పి, వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం వస్తున్నాయేమో జాగ్రత్తగా చూడాలి.

హాస్టల్ ఖాళీ చేయించెయ్యాలా?

మేనేజ్‌మెంట్‌కి మొదట వచ్చే ఐడియా ఇదే, సెలవులు ఇచ్చేస్తే పోద్ది కదా అని. పోయేది వాళ్ళ నెత్తి మీద నుంచి, జబ్బు మాత్రం పల్లెవెలుగు బస్సెక్కి నలభై ఊళ్ళకి పోద్ది. ఆటలమ్మ బయటపడటానికి 10 నుంచి 21 రోజులు పడుతుంది, నీళ్ళ వల్ల వచ్చే హెపటైటిస్ ఎ కామెర్లయితే 15 నుంచి 50 రోజులు. ఈ రోజు బాగానే కనిపించి ఇంటికెళ్ళినవాడు నెల తర్వాత అక్కడ పచ్చబడితే ఎవరికి గుర్తుంటుంది మీ హాస్టల్ కూలర్?

2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ మొదలవగానే హైదరాబాద్‌లో ప్రైవేట్ హాస్టళ్ళు ఖాళీ చెయ్యమంటే పిల్లలు పోలీస్ స్టేషన్ల ముందు పాసుల కోసం లైన్లు కట్టారు, ఆ పాసులు పట్టుకుని బయల్దేరినవాళ్ళు ఏపీ బోర్డర్లో గరికపాడు చెక్‌పోస్ట్ దగ్గర రోడ్డు మీద ఆగిపోయారు. ఊరు చేరినవాళ్ళకి కొన్ని చోట్ల పొలిమేరలో ముళ్ళకంప అడ్డం. ఇటు హాస్టల్ వద్దంది, అటు ఊరు వద్దంది.

మూసెయ్యడం ఎప్పుడూ తప్పే అనట్లేదు. 2023 సెప్టెంబర్‌లో నిపా వచ్చినప్పుడు కేరళలో కోజికోడ్ జిల్లా కాలేజీలూ స్కూళ్ళూ మూసి ఆన్‌లైన్ పెట్టారు, కానీ అది జిల్లా యంత్రాంగం కాంటాక్టుల లిస్టు చేతిలో పెట్టుకుని తీసుకున్న నిర్ణయం. మీరూ ఆరోగ్యశాఖ చెప్తేనే మూయండి. వెళ్ళే ప్రతి పిల్లాడి ఊరూ మండలమూ రాసుకోండి, ఏ లక్షణాలు వస్తే ఎవరికి చూపించాలో తెలుగులో ఒక కాగితం చేతిలో పెట్టండి, అది వాళ్ళమ్మ చదువుతుంది.

ఊరితో సంబంధం

కాలేజీ గోడ అవతల ఊరుంది, మెస్‌లో పాత్రలు తోమే ఆవిడ ఆ ఊరావిడే, సాయంత్రం బజ్జీల బండి ఆ ఊరిదే, కొన్నిచోట్ల బోరు కూడా ఒక్కటే. కాబట్టి రెండో రోజు సర్పంచ్‌ని, పంచాయతీ సెక్రటరీని, ఏఎన్ఎంని, ఆశా కార్యకర్తని కాలేజీకి పిలవకండి, మీరే పంచాయతీ ఆఫీసుకి వెళ్ళండి. పిలిస్తే విచారణలా ఉంటుంది. ఊళ్ళో ఎవరికైనా మోషన్స్ ఉన్నాయా, ఈ వారంలో ఎక్కడైనా పెళ్ళి భోజనాలు, జాతర జరిగాయా అని అడిగితే సగం కథ అక్కడ దొరుకుతుంది. మీ దగ్గర మిగిలిన క్లోరిన్ ట్యాబ్లెట్లు వాళ్ళకి ఇవ్వండి, 0.5 గ్రాముల ట్యాబ్లెట్ ఒకటి 20 లీటర్ల నీళ్ళకి సరిపోద్ది. ఇలా ముందే కలవకపోతే హాస్టల్ పిల్లలు జబ్బు తెచ్చారని ఆటోవాళ్ళు ఎక్కించుకోరు, బయట రూమ్‌లలో ఉన్న బ్యాచిలర్స్‌ని ఓనర్లు ఖాళీ చెయ్యమంటారు.

పేరెంట్స్‌కి రోజుకి ఒకటే మెసేజ్, సాయంత్రం ఏడింటికి, మొత్తం ఎంతమంది, ఈ రోజు కొత్తగా ఎంతమంది, ఆసుపత్రిలో ఎంతమంది, నీళ్ళ సంగతి ఏమైంది. అంకెలు ఉన్నవి ఉన్నట్టు పెట్టండి. "పరిస్థితి అదుపులో ఉంది" అని మాత్రం రాయకండి, ఆ మాట చూస్తే చాలు మన తల్లిదండ్రులు కారు కట్టించుకుని బయల్దేరతారు.

క్లాసులూ పరీక్షలూ

లైవ్ వీడియో క్లాసు అందరికీ అందదు, కరోనాలో చూశాం కదా, సిగ్నల్ కోసం పిల్లలు మేడలెక్కారు, చెట్లెక్కారు. తెలంగాణలో 2020 సెప్టెంబర్ 1 నుంచి స్కూలు పిల్లలకి దూరదర్శన్ యాదగిరిలో, టీశాట్‌లో పాఠాలు వేశారు, ఫోన్ లేని ఇంట్లో కూడా టీవీ ఉంటుందని. కాలేజీలో నేను చేసింది ఇంకా తక్కువ ఖర్చు పని, బోర్డు మీద రాసింది ఫొటో, దాని కింద పది నిమిషాల వాయిస్ నోట్. డేటా తక్కువ, రాత్రి సిగ్నల్ వచ్చినప్పుడు దిగుద్ది, జ్వరంగా ఉన్నవాడు పడుకుని వింటాడు. ల్యాబ్‌లు మాత్రం ఫోన్లో అవ్వవు, వాటిని వదిలేసి తర్వాత ఆదివారాలు పెట్టుకోండి.

మిడ్ పరీక్షలు వాయిదా వేస్తే జబ్బుపడినవాళ్ళకి మాత్రమే కాదు, సెక్షన్ మొత్తానికి వెయ్యండి, లేకపోతే మళ్ళీ దాచుకుని వచ్చి రాస్తారు. యూనివర్సిటీ పరీక్షలైతే మీ చేతిలో లేదు, 2020లో ఫైనలియర్ పరీక్షల మీద సుప్రీంకోర్టు దాకా వెళ్తే ఆగస్టు 28న కోర్టు, రాష్ట్రాలు వాయిదా అడగొచ్చు గానీ పరీక్షే లేకుండా డిగ్రీ ఇవ్వడం కుదరదంది. అందుకే రిజిస్టర్ జిరాక్స్ జతచేసి యూనివర్సిటీకి లెటర్ తొందరగా పంపండి, హాల్ టికెట్లు వచ్చాక కాదు. గదిలో ఒంటరిగా పడున్నవాళ్ళకి దిగులు పట్టుకుంటుంది, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 నంబర్ తలుపు మీద రాసిపెట్టండి, తెలుగులోనే మాట్లాడతారు.

కొత్త కేసులు ఆగిపోగానే రిజిస్టర్ అటక ఎక్కించకండి. కామెర్ల అనుమానం ఉంటే చివరి కేసు నుంచి 50 రోజులు లెక్కపెట్టుకుని అప్పటిదాకా వారానికోసారి ఫ్లోర్ ఫ్లోర్ తిరిగి అడగండి, ఓటీ ట్యూబ్ పట్టుకుని ఆ చివరి కుళాయి దాకా కూడా.