ఎక్సెల్‌లో పేజీ ఎక్కడ తెగాలో మాక్రోతో చెప్పడం ఎలా

మండలంలోని ఊళ్లన్నిటి పేర్ల జాబితా ఒకే షీట్‌లో ఉంది, ప్రింట్ తీసి ఏ ఊరి కాగితాలు ఆ ఊరికి ఇవ్వాలి అనుకోండి. మామూలుగా ప్రింట్ కొడితే ఒక ఊరి చివరి నాలుగు పేర్లు పక్క ఊరి పేజీ నెత్తిన వచ్చిపడతాయి. చాలామంది పేజ్ బ్రేక్ ప్రివ్యూ తెరిచి పేజీ తెగే చోటుని (పేజీ బ్రేక్‌ని) చూపే నీలం గీతలను మౌస్‌తో లాగి సరిచేస్తారు, ఆ పూటకి పని అయిపోతుంది కూడా. కానీ రేపు కొత్త పేర్లు చేర్చి మళ్లీ సార్ట్ చేస్తే పేర్లు కదులుతాయి, బ్రేక్ మాత్రం పాత వరుస దగ్గరే ఉండిపోతుంది. అందుకే బ్రేక్ వరుస నంబర్‌ని బట్టి కాదు, ఊరి పేరు మారడాన్ని బట్టి పడాలి.

ఒక్కసారికే అయితే మాక్రో (ఎక్సెల్‌తో పనులు వరుసగా చేయించే చిన్న ప్రోగ్రామ్) అక్కర్లేదు. డేటా ట్యాబ్‌లో సబ్‌టోటల్ తెరిస్తే, గ్రూపుల మధ్య పేజీ బ్రేక్ పెట్టమనే టిక్ బాక్స్ ఉంటుంది. కాకపోతే అది మధ్యమధ్యలో కూడిక మొత్తాల వరుసలు చొప్పిస్తుంది, డేటాని టేబుల్‌గా మార్చి ఉంటే అసలు పనిచేయదు. ప్రతి నెలా తీసే జాబితాకి మాక్రోనే నయం.

ఆల్ట్, ఎఫ్11 నొక్కి కోడ్ రాసే విండో తెరిచి, ఇన్సర్ట్‌లో మాడ్యూల్ తీసుకోండి. కోడ్ పదాలు ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను, టైప్ చేసేది మాత్రం ఇంగ్లిష్‌లోనే. మన షీట్‌లో మొదటి 3 వరుసలు హెడ్డింగులు, 4వ వరుస నుంచి పేర్లు, ఊరు రెండో కాలమ్‌లో అనుకుందాం.

బ్రేక్‌ల కంటే ముందు పేజీ సెటప్ పూర్తి చేయాలి. ఈ క్రమం తప్పితే తర్వాత పడే తిప్పలు అన్నీ ఇన్నీ కావు, ఎందుకంటే కాగితం సైజు, మార్జిన్లు, జూమ్ మారిన ప్రతిసారీ ఎక్సెల్ తనంతట తాను వేసే బ్రేక్‌లు జరిగిపోతాయి. కోడ్‌లో ఈ సెట్టింగులు యాక్టివ్‌షీట్.పేజ్‌సెటప్ కింద ఉంటాయి. పేపర్‌సైజ్‌ని ఏ4 చేయండి. ప్రింట్‌టైటిల్‌రోస్‌కి 1 నుంచి 3 వరుసలు ఇవ్వండి, అప్పుడు ప్రతి ఊరి కాగితం మీదా హెడ్డింగ్ వస్తుంది. ప్రింట్‌ఏరియాని ఖాళీ చేయండి, లేకపోతే ఎప్పుడో పెట్టిన పాత ఏరియా వల్ల కొత్తగా చేర్చిన పేర్లు ప్రింట్‌లోకే రావు. ఇక జూమ్. చివరి కాలమ్ రెండో పేజీకి పోతోందని అందరూ ఫిట్ టూ (షీట్‌ని ఇన్ని పేజీల్లోనే పట్టించమనే సెట్టింగ్) పెట్టేస్తారు. ఫిట్ టూ ఉన్నప్పుడు మనం పెట్టిన బ్రేక్‌లని ఎక్సెల్ పట్టించుకోదు, కోడ్ సరిగ్గానే ఉన్నా ఏమీ జరగనట్టు కనిపిస్తుంది. కాబట్టి ఓరియెంటేషన్ అడ్డంగా మార్చి, మార్జిన్లు తగ్గించి, జూమ్‌కి 80 లాంటి ఒక నంబర్ ఇవ్వండి. జూమ్‌కి నంబర్ ఇస్తే ఫిట్ టూ పక్కకి తప్పుకుంటుంది.

తర్వాత పాతవి తుడిచేయండి:

యాక్టివ్‌షీట్.రీసెట్‌ఆల్‌పేజ్‌బ్రేక్స్

ఈ లైను లేకుండా మాక్రో మళ్లీ నడిపితే పాత బ్రేక్‌లు కూడా అలాగే ఉండి, రెండు పేర్లతో ఒక పేజీ, ఐదు పేర్లతో ఇంకో పేజీ వస్తాయి. ఇప్పుడు ఊరి పేరు మీద సార్ట్ చేసి, చివరి వరుసని ఎండ్(ఎక్స్‌ఎల్‌అప్)తో పట్టుకుని, లూప్ (ఒకే పనిని ఒక్కో వరుస మీద తిప్పి చేసే కోడ్) వేయండి:

ఫర్ ఐ = 5 టు చివరి వరుస
ఇఫ్ ట్రిమ్(సెల్స్(ఐ, 2)) <> ట్రిమ్(సెల్స్(ఐ - 1, 2)) దెన్ యాక్టివ్‌షీట్.హెచ్‌పేజ్‌బ్రేక్స్.యాడ్ బిఫోర్:=రోస్(ఐ)
నెక్స్ట్ ఐ

లూప్ 4 నుంచి కాకుండా 5 నుంచి మొదలవడం గమనించండి. 4 నుంచి పెడితే హెడ్డింగ్‌ని మొదటి ఊరి పేరుతో పోల్చి, రెండూ వేరు కాబట్టి అక్కడే బ్రేక్ వేస్తుంది, ఉత్త హెడ్డింగులతో ఒక పేజీ దండగ. ట్రిమ్ ఎందుకంటే ఊరి పేరు చివర ఎవరో స్పేస్ కొట్టి ఉంటారు, కంటికి కనపడదు గానీ కోడ్‌కి అది వేరే ఊరు.

కాగితం ఆదా కావాలి, చిన్న ఊళ్లు రెండు మూడు ఒకే పేజీలో పట్టినా పర్లేదు, ఏ ఊరూ మధ్యలో తెగకపోతే చాలు అంటే లెక్క మారుతుంది. అప్పుడు ఎక్సెల్ వేసుకున్న బ్రేక్‌లని పైనుంచి కిందికి ఒక్కొక్కటే చూడాలి. ఆ బ్రేక్ లొకేషన్.రో ఇచ్చే వరుస నుంచి పైకి వెళ్తూ ఆ ఊరు ఎక్కడ మొదలైందో కనుక్కుని, అక్కడ బ్రేక్ పెట్టాలి. ఆ మొదలు అంతకు ముందటి బ్రేక్ దగ్గరో దాని పైనో ఉంటే, ఆ ఊరు పేజీ కంటే పెద్దదని అర్థం, దాన్ని వదిలేయండి. ఒక బ్రేక్ పైకి జరిపితే కింద ఉన్నవన్నీ ఎక్సెల్ మళ్లీ లెక్కేస్తుంది. అందువల్ల కింది నుంచి పైకి వెళ్లకూడదు, హెచ్‌పేజ్‌బ్రేక్స్.కౌంట్‌ని (బ్రేక్‌ల సంఖ్యని) ముందే ఒకసారి తీసి దాచుకోకూడదు, ప్రతిసారీ కొత్తగా అడగాలి. దీనికి ఫర్ లూప్ కంటే డూ లూప్ మేలు.

ఇక్కడే చాలామంది తల పట్టుకునే ఎర్రర్ ఒకటి వస్తుంది, ఎర్రర్ 9, సబ్‌స్క్రిప్ట్ అవుటాఫ్ రేంజ్. కౌంట్ 12 అంటుంది, ఏడో బ్రేక్ లొకేషన్ అడిగితే లేదంటుంది. మీ కోడ్ తప్పు కాదు. నార్మల్ వ్యూలో తెరమీద కనపడని బ్రేక్‌ల విషయంలో ఎక్సెల్ ఇలా చేస్తుంది. లూప్‌కి ముందు యాక్టివ్‌విండో.వ్యూని ఎక్స్‌ఎల్‌పేజ్‌బ్రేక్‌ప్రివ్యూ చేసి, అయిపోయాక ఎక్స్‌ఎల్‌నార్మల్‌వ్యూకి తిప్పేయండి.

షీట్‌లో బ్రేక్‌లకి 1,026 అని పరిమితి ఉంది, మండలం స్థాయి జాబితాకి అది అడ్డు రాదు. మాక్రో నడిచాక షీట్ నెమ్మదిస్తుంటే, మాక్రో చివర్లో డిస్‌ప్లేపేజ్‌బ్రేక్స్‌ని ఫాల్స్ చేయండి, ఆ చుక్కల గీతలు గీయడం ఆగి మిగతా పనులు వేగంగా అవుతాయి. మాక్రో చేసిన మార్పులకి కంట్రోల్ జెడ్ పనిచేయదు, మన మాక్రో సార్ట్ కూడా చేస్తుంది కాబట్టి ముందు ఫైల్ కాపీ ఒకటి ఉంచుకోండి. సేవ్ చేసేటప్పుడు ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎమ్‌గా చేయాలి, మామూలు ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌లో కోడ్ నిలవదు. ఇంకో కంప్యూటర్‌లో, ఇంకో ప్రింటర్‌తో తీస్తుంటే ఆ ప్రింటర్‌ని ఎంచుకున్నాక అక్కడే మాక్రో మళ్లీ నడపండి, ప్రింటర్ మారితే ఎక్సెల్ పేజీ లెక్క కూడా మారుతుంది.