షట్‌డౌన్ పనికి వెళ్లేముందు బాయిలర్ సూట్ లోపల ఏం వేసుకున్నారో చూసుకోండి

2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ఫార్మా ఫ్యాక్టరీలో సాల్వెంట్ (త్వరగా అంటుకునే రసాయన ద్రవం) ఆవిరి అంటుకుని 17 మంది చనిపోయారు. అంత పేలుడుకి ఏ బట్టా అడ్డు నిలవదు. కానీ షట్‌డౌన్‌లో (రిపేర్ల కోసం ప్లాంటు ఆపినప్పుడు) పైపు లైను విప్పుతున్నప్పుడో, వెల్డింగ్ రవ్వ పడ్డప్పుడో గుప్పున వచ్చి పోయే మంట నుంచి నోమెక్స్ బట్టతో కుట్టిన, ఒళ్లంతా కప్పే బాయిలర్ సూట్ ప్రాణం కాపాడగలదు. లోపల సరైన బట్ట ఉంటేనే.

నోమెక్స్, కెవ్లార్ రెండూ అరామిడ్ అనే, వేడిని తట్టుకునే కృత్రిమ దారాలే. నోమెక్స్ కరగదు, బొట్లుగా కారదు. సుమారు 370 డిగ్రీలు దాటితే బొగ్గులా మారి ఉబ్బుతుంది. ఆ నల్లటి పొరే మనకు రక్ష. మంట పక్కకు పోగానే బట్ట దానంతటదే ఆరిపోతుంది.

అయినా కొంత వేడి లోపలికి దిగుతుంది. ప్రాణాల మీదకు తెచ్చే తప్పు ఇక్కడే జరుగుతోంది. చెమట త్వరగా ఆరుతుందని సూట్ కింద డ్రై ఫిట్ టీషర్టులు వేస్తున్నారు. అవి పాలిస్టర్. 260 డిగ్రీల లోపే కరిగి ఒంటికి అతుక్కుంటాయి. ఊడదీస్తే చర్మమూ వస్తుంది. లోపల కాటన్ బనియనే వేయండి. అనుమానముంటే ఇంటి దగ్గర అంచు నుంచి ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని వెలిగించండి. కాటన్ మెత్తటి బూడిదవుతుంది, పాలిస్టర్ ముడుచుకుని గట్టి పూసలా మిగులుతుంది.

సూట్ ఉతికేటప్పుడు బ్లీచ్ వద్దు, అందులోని క్లోరిన్ అరామిడ్ దారాన్ని తినేస్తుంది. ఫ్యాబ్రిక్ కండిషనర్ వద్దు, దాని జిడ్డు బట్టకు పట్టి మంటకు అంటుకుంటుంది. నీడలో ఆరేయండి, ఎండకి అరామిడ్ బలం తగ్గుతుంది.

జిప్ మెడదాకా వేయండి. చేతులు మడవొద్దు. డీజిలో సాల్వెంటో పడితే సూట్ వెంటనే మార్చేయండి. చిరిగితే మామూలు దారంతో కుట్టించొద్దు. తడి గ్లౌజుతో వేడి వాల్వ్ ముట్టుకోవద్దు, ఆ నీరే ఆవిరై చేతిని ఉడికిస్తుంది. తిరిగే షాఫ్ట్ దగ్గర కెవ్లార్ గ్లౌజు వద్దే వద్దు, అది తెగదు, చేతిని లోపలికి లాగేస్తుంది. నైలాన్ సాక్సులు వద్దు. లోపల పాలిస్టర్ వద్దు. ఎంత ఉక్కపోసినా వద్దు. ఒక్క పూట పనైనా వద్దు. సూపర్‌వైజర్లూ, కాంట్రాక్టు కూలీలను కూడా గేటు దగ్గరే కాలర్ తీసి చూడండి, స్టోర్‌లో కాటన్ బనియన్లు ఉంచి, మార్చుకున్నాకే పనికి పర్మిట్ ఇవ్వండి.