వెబ్ పేజీ రాద్దాం – 4వ పాఠం: హెచ్‌టీఎంఎల్‌కి లెక్కలు రావు

పోయిన పాఠంలో పలాస జీడిపప్పు షాపు కోసం ధరల పట్టిక తయారుచేశాం. డబ్ల్యూ 180, 240, 320 గ్రేడులకు ఒక్కో వరుస, పక్క గడిలో కిలో ధర. (పౌనుకు ఎన్ని పప్పులు తూగుతాయో చెప్పే అంకె కాబట్టి అది తగ్గేకొద్దీ పప్పు పెద్దది. కాశీబుగ్గ వాళ్లకు నేను చెప్పక్కర్లేదు.) ఆ ఫైలు తెరవండి.

కొనడానికి వచ్చినాయన "ఐదు కేజీలు తీసుకుంటే ఎంతవుద్ది బాబూ?" అన్నాడనుకుందాం. 240 గ్రేడు గడిలో మీరు 900 అని రాశారు. దాన్ని ఐదుతో గుణించమని హెచ్‌టీఎంఎల్‌కి చెప్పే దారి లేదు. దానికి 900 అంకె కాదు, గడిలో పడున్న రాత. ఇది శీర్షిక, ఇది పట్టిక, ఇది గడి అని గుర్తులు పెట్టడంతో దాని పని సరి. సెర్న్ పరిశోధన కేంద్రంలో టిమ్ బెర్నర్స్-లీ దాన్ని తయారుచేసిందే పత్రాలు పంచుకోవడానికి. ఇలా గుర్తులు పెట్టేది కాబట్టే మార్కప్ భాష అంటారు. ధరను గుర్తుపెట్టుకోవాలన్నా, ఐదు కిలోలు దాటితే తగ్గించాలా వద్దా తేల్చాలన్నా, అదే లెక్క ప్రతి గ్రేడుకూ చేయాలన్నా ప్రోగ్రామింగ్ భాష కావాలి. బ్రౌజర్‌లో ఆ పని 1995లో వచ్చిన జావాస్క్రిప్ట్‌ది.

అసలు తికమకంతా పేజీకి రంగులు, రూపం ఇచ్చే సీఎస్ఎస్ దగ్గరే. 240 ధర గడికి 'మేలు' అని ఒక క్లాసు, అంటే గుర్తుపట్టే పేరు, పెట్టండి (ఫైల్లో ఇంగ్లిష్ అక్షరాలతోనే రాయండి). సీఎస్ఎస్ రాసే స్టైల్ షీట్‌లో ముందు ఆ క్లాసుకు ఆకుపచ్చ రంగు, దాని కింద టీడీకి, అంటే పట్టికలో గడి ట్యాగు పెట్టిన గడులన్నిటికీ, ఎరుపు రంగు రాయండి. పేజీ రీలోడ్ చేస్తే అన్నీ ఎర్రబడతాయి, 240 మాత్రం పచ్చగానే ఉంటుంది. జావాస్క్రిప్ట్‌లో ధర 900 అని పెట్టి, కింది లైనులో 850 అంటే ఆ తర్వాత 850 మాత్రమే. ఇక్కడ అలా కాదు. సీఎస్ఎస్ లైన్లు వరుసగా నడిచే ఆదేశాలు కావు, అన్నీ ఒకేసారి అమల్లో ఉండే నియమాలు. ఒకే గడి మీద రెండు పోటీపడితే, క్లాసు నియమానికి టీడీ నియమం కంటే బలం ఎక్కువ. బలం సమానమైతేనే కిందున్నది గెలుస్తుంది.

"తెర 600 పిక్సెళ్ల లోపు ఉంటే" అని సీఎస్ఎస్‌లోనూ రాస్తాం కదా, అది ప్రోగ్రామింగ్ కాదా అంటారు. షరతు ఉన్న మాట నిజమే. కాల్క్ అని వెడల్పులు కూడి తీసే సౌకర్యం కూడా ఉంది. కానీ గడిలోని 900ను తీసి బిల్లు వేయమనండి, దాని వల్ల కాదు. ఇంటర్వ్యూలో "హెచ్‌టీఎంఎల్ ప్రోగ్రామింగ్ భాషేనా?" అంటే టెన్షన్ పడకుండా కాదని చెప్పండి. కాదన్నంత మాత్రాన అది తేలికని కాదు.

అభ్యాసం: ఫైలు కాపీ తీసి, కావాలనే పాడుచేయండి. పట్టికకు పైన ఒక పేరాలో అక్షరాలను లావు చేసే బి ట్యాగు మూయకుండా వదిలేయండి. పేజీ వస్తుంది, కానీ కింది పేరాలు కూడా లావెక్కుతాయి. సీఎస్ఎస్‌లో ఒక లైను చివర సెమీకోలన్ తీసేయండి. ఆ లైనూ దాని కింది లైనూ పనిచేయవు, మిగతావి మామూలే. స్క్రిప్ట్ ట్యాగులో రెండు లైన్ల జావాస్క్రిప్ట్ రాసి, రెండో లైనులో బ్రాకెట్ మూయకండి. తప్పులేని మొదటి లైను కూడా నడవదు. అప్పుడు ఎఫ్12 నొక్కి, బ్రౌజర్ తప్పులు చూపించే కన్సోల్‌లో ఎర్రగా వచ్చిన లైను నంబరు నోట్సులో రాసుకోండి. 5వ పాఠం అక్కడి నుంచే.