ఆక్స్‌ఫర్డ్‌కు కొత్తగా వచ్చారా? ఒక సాయంత్రం ఆంట్ సాలీ ఆడి చూడండి

ఆక్స్‌ఫర్డ్‌లో దిగాక మొదటి నెలలు ఇల్లు వెతుక్కోవడం, బ్యాంకు ఖాతా, జీపీ (పేట డాక్టరు) దగ్గర రిజిస్ట్రేషన్ అంటూ ఇట్టే గడిచిపోతాయి. అసలు చిక్కు ఆ తర్వాతే. ఇరుగుపొరుగుతో "హలో" దాటి మాట సాగదు. నా సలహా ఒకటే: వేసవిలో మీ పేటలో వెనక తోట ఉన్న పబ్‌కు వెళ్లి, ఇక్కడ ఆంట్ సాలీ ఆడతారా అని అడగండి.

ఇది ఆక్స్‌ఫర్డ్‌షైర్ సొంత ఆట. డార్ట్స్ దేశమంతా ఉంది గానీ, దీన్ని ఈ కౌంటీ, చుట్టుపక్కల ఊళ్లు దాటితే ఎరిగినవాళ్లు తక్కువ.

తోట చివర ఒక ఇనుప కడ్డీ నిలబెట్టి ఉంటుంది. దాని పైన గిర్రున తిరిగే ఆసరా, ఆ ఆసరా మీద తెల్లరంగు చెక్కబొమ్మ. బొమ్మంటే కళ్లూ ముక్కూ ఉండవు. ఆరంగుళాల ఎత్తు, మూడంగుళాలకు కాస్త తక్కువ మందం ఉన్న గుండ్రటి చెక్కముక్క. దాన్ని డాలీ అంటారు. కర్రలు అవతలికి దూసుకుపోకుండా వెనక మందపాటి తెర వేలాడుతుంది. 10 గజాల దూరంలో నిలబడి, అంటే క్రికెట్ పిచ్‌లో సగానికి కాస్త తక్కువ, అడుగున్నర పొడవున్న కర్రలు ఆరు విసరాలి.

క్రికెట్ ఆడే మనవాళ్ల చెయ్యి దానంతటదే పైకి లేస్తుంది. ఇక్కడ అది కుదరదు, కింది నుంచి ఊపి వదలాలి. కర్ర నేరుగా డాలీకే తగిలి పడగొట్టాలి. ముందు ఇనుముకు తగిలి, ఆ అదురుకు డాలీ పడితే లెక్కలోకి రాదు. కొత్తలో కర్ర కిందుగా పోయి ఠంగుమని కడ్డీకి కొట్టుకుంటుంది. బలం తగ్గించి, ఎత్తు చూసుకోండి. ఆరు కర్రలు విసిరినా డాలీ ఒక్కసారీ పడకపోతే దాన్ని బ్లాబ్ అంటారు. అందరూ గోల చేస్తారు, నొచ్చుకోకండి. ఏళ్ల తరబడి ఆడేవాళ్లకూ అదే మర్యాద.

జట్టుకు ఎనిమిదిమంది. కొత్తవాళ్లకు కలిసొచ్చేది ఈ లెక్కే. పనిరోజు సాయంత్రం ఎనిమిదిమందిని పోగెయ్యడం తేలిక కాదు, జులై, ఆగస్టుల్లో సగంమంది సెలవుల మీద పోతారు. రెండు మూడు వారాలు వరసగా కనిపించి, నేర్చుకోవాలని ఉందని కెప్టెన్‌తో చెప్పండి. మీ అవసరం వాళ్లకూ ఉంటుంది. చుట్టపుచూపుగా కాక, కావలసిన మనిషిగా ఆ తోటలో నిలబడతారు.

మందు తాగకపోతే ఎలా అని వెనకాడకండి. నిమ్మరసం కలిపిన సోడా అడిగినా ఎవరూ వింతగా చూడరు. మామూలుగా టేబుల్ దగ్గరికి ఎవరూ రారు. కౌంటర్ దగ్గరికి వెళ్లి చెప్పి, డబ్బిచ్చి తెచ్చుకోవాలి. ఒకరు మీకు కొనిపెడితే తర్వాత మీరు కొనడం పద్ధతి. మ్యాచ్ మధ్యలో తినడానికి పెట్టే చోట్ల సాసేజీల్లాంటివి ఉంటాయి, శాకాహారులు ముందే చెప్పాలి. పిల్లల్ని తోటలోకి తీసుకురావచ్చేమో కౌంటర్‌లో అడగండి. తెస్తే మాత్రం విసిరేవాళ్ల వెనకే ఉంచండి, బరువైన కర్రలవి.

లీగ్ మ్యాచ్‌లు వేసవిలోనే. మ్యాచ్ లేని సాయంత్రం వెళ్తే ఖాళీగా ఉంటుంది, కర్రలు అడిగి సాధన చెయ్యొచ్చు.