కారు నేర్చుకుందాం – 8వ పాఠం: సర్కిల్‌లో ఆగేదెవరు, చెప్పేదెవరు

పోయిన పాఠంలో ఒక మాట రాశాను: సర్కిల్ దగ్గర కుడి నుంచి వచ్చే బండికి దారి ఇవ్వాలి. మాట సరైనదే. కానీ సగంలో వదిలేశాను. ఎక్కడ నిలబడి ఇవ్వాలి, ఎంతవరకు ఇవ్వాలి, ఎవరికి ఇవ్వక్కర్లేదు అన్నది చెప్పలేదు. ఇవి అందరికీ తెలిసే ఉంటాయి అనుకున్నాను. మూడు ఫోన్లు వచ్చాక అలా అనుకోవడం పొరపాటని అర్థమైంది. అందుకే ఈసారి చెబుదామనుకున్న హైవే పాఠాన్ని పక్కన పెట్టాను. మళ్లీ సర్కిల్ దగ్గరికే వెళ్దాం.

మొదటి ఫోన్ హనుమకొండలో కొత్తగా కారు తీసుకున్న ఒక అక్కది. "సార్, మీరు రాసినట్టే కుడికి చూసుకుంట నిలబడ్డ. బండ్లు వస్తనే ఉన్నయి. ఎనక అందరు హారన్లే. ఎంతసేపని ఆగాలె?" అని అడిగింది. ఆమె గొంతులో టెన్షన్ నాకు ఇంకా వినిపిస్తూనే ఉంది.

రెండోది ములుగు రోడ్డు వైపు ఉండే తమ్ముడు. ఇతను సర్కిల్ లోపలికి చక్కగానే వెళ్లాడు. సగం తిరిగాక ఎడమ పక్క దారి నుంచి ఒక ఆటో ముందుకు తోసుకొచ్చింది. "దారి ఇయ్యాలె అన్నరు గదా అని ఆగిన సార్. ఆటో పోయింది. దాని ఎనక రెండు బైకులు పోయినయి. అంతల ఎనకనుంచి స్కూటీ వచ్చి గుద్దింది." ఎవరికీ దెబ్బలు తగల్లేదు, బంపర్ పగిలింది.

మూడోది జగిత్యాల అన్న. గల్ఫ్‌లో పదేళ్లకు పైగా డ్రైవర్‌గా చేసి తిరిగొచ్చాడు. నాకన్నా ఎక్కువ సర్కిళ్లు తిరిగిన మనిషి. "చెయ్యి మంచిగనే ఉన్నది సార్, మెడనే తప్పు దిక్కు తిరుగుతున్నది" అన్నాడు.

అన్న సంగతి ముందు తేలుద్దాం, అది చిన్నది. గల్ఫ్‌లో రోడ్డుకు కుడి పక్కన నడుపుతారు. అక్కడ సర్కిల్‌లో బండ్లు గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతాయి, కాబట్టి ఎడమకు చూసి లోపలికి పోవాలి. మనం ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి ఇక్కడ గడియారం ముల్లు తిరిగినట్టే తిరుగుతాం, కుడికి చూసి లోపలికి పోతాం. మెడ మరిచిపోతే భద్రకాళి గుడిలో ప్రదక్షిణ గుర్తు తెచ్చుకోండి. అమ్మవారు ఎప్పుడూ మన కుడి చేతి వైపే ఉంటుంది. సర్కిల్ మధ్య గద్దె కూడా అంతే. నడి చౌరస్తాలో చిన్న విగ్రహం దిమ్మె ఒక్కటే ఉన్నా సరే, దాన్ని కుడి చేతి వైపు ఉంచుకునే తిరగాలి. దగ్గరి దారి అని దిమ్మెకు అటు పక్క నుంచి కోసుకుపోవడం ఎదురు డ్రైవింగే. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ట్రాఫిక్‌కు ఎదురు నడపడాన్ని ప్రమాదకరమైన డ్రైవింగ్ కింద పేరు పెట్టి మరీ చేర్చింది.

ఇక తమ్ముడి విషయం. దారి ఇవ్వడం సర్కిల్ బయట, మూతి దగ్గర, అంటే మీ దారి సర్కిల్‌లో కలిసే చోట చేసే పని. లోపలికి వెళ్లాక హక్కు మీది, ఎడమ దారుల నుంచి వచ్చేవాళ్లు మీ కోసం ఆగాలి. 1989 నాటి రోడ్డు నియమాల్లోనే ఉండేది: సిగ్నల్, పోలీసు లేని కూడలిలోకి వెళ్లేటప్పుడు మీరు కలిసేది మెయిన్ రోడ్డు కాకపోతే కుడి నుంచి వచ్చేవాళ్లకు దారి ఇవ్వాలని. సర్కిల్‌లో మూతి దగ్గర నిలబడ్డవాడికి కుడి నుంచి వచ్చేది ఎవరు? లోపల తిరుగుతున్నవాడే. రెండు మాటలూ ఒకటే.

లోపలున్నవాడికే హక్కు ఎందుకు? బస్టాండ్‌లో చూడండి. హనుమకొండ బస్టాండ్‌లో బస్సు ఆగగానే ఎక్కేవాళ్లు తలుపు దగ్గర అడ్డం పడితే ఏమవుతుంది? దిగేవాడు దిగలేడు, ఎక్కేవాడు ఎక్కలేడు. సర్కిల్ కూడా అంతే. లోపలి బండ్లు ఆగి బయటి వాటిని రానిస్తే లోపల నిండిపోతుంది, బయటికి పోయే దారి మూసుకుపోతుంది, నాలుగు దిక్కులా బిగుసుకుంటుంది. బ్రిటన్‌లో చాలా ఏళ్లు ఈ బాధ పడ్డారు. 1966లో, లోపలికి వచ్చేవాడే ఆగాలి అన్న నియమం పెట్టాకే అక్కడ సర్కిళ్లు సాఫీగా నడవడం మొదలైంది. తమ్ముడూ, నువ్వు ఆటోకు మంచి చేశాననుకున్నావు. నీ మంచితనం నీ వెనకున్న స్కూటీకి తెలియదు. లోపల బండి నడుస్తూనే ఉంటుందని నమ్మి ఆ స్కూటీ వస్తోంది.

అయితే లోపల అసలు ఆగనే కూడదా? ముందు మనిషి అడ్డం వస్తే, బర్రె వస్తే, ఆటో ఢీకొట్టేలా దూసుకొస్తే ఆగాలి. హక్కు ఉందని గుద్దించుకోవడం నేను నేర్పను. కానీ అది బ్రేకుతో తప్పించుకోవడం. చెయ్యి ఊపి "రా, రా" అని పిలవడం వేరు. కరీంనగర్ టవర్ సర్కిల్ లాంటి బజారు సర్కిళ్లలో నడిచే మనుషులకే మొదటి దారి. అక్కడ కారు నడిపేవాడు హక్కుల గురించి ఆలోచించే పని లేదు. సిగ్నల్ ఉన్నచోట సిగ్నలే, పోలీసు చెయ్యి చూపిస్తే ఆ చెయ్యే. అంబులెన్స్ సైరన్ వినిపించినా సర్కిల్ నడిమధ్య ఆగకండి. ఎంజీఎం ఆసుపత్రి వైపు పోయే బండి మీ వెనకే ఇరుక్కుంటుంది. ముందున్న దారిలోకి బయటపడి ఎడమకు ఆపండి.

ఇప్పుడు అక్క ప్రశ్న. ఇదే అసలు పాఠం. ఎంతసేపు ఆగాలి?

కుడి వైపు కనిపించే ప్రతి బండి కోసమూ కాదు. మీ ముందు నుంచి పోబోయే బండి కోసమే. మీకన్నా ముందు దారిలోనే బయటికి పోయే బండి మీకు అడ్డం రాదు. దూరంగా ఉన్న బండికి మీరు సెకండ్ గేర్‌లో సాఫీగా కలిసిపోయాక కూడా బ్రేకు వేయాల్సిన పని పడకపోతే, దాని కోసమూ ఆగక్కర్లేదు. నేను ఎప్పుడూ సెకండ్ గేర్‌లోనే, గంటకు 15 – 20 కిలోమీటర్ల మధ్యే సర్కిల్‌లోకి వెళ్తాను. పూర్తిగా ఆగితే ఫస్ట్. ఆటోమేటిక్ బండ్లవాళ్లు ఈ మాట వదిలేయండి.

కానీ ఆ బండి ముందే బయటికి పోతుందా, మీ ముందుకు వస్తుందా అన్నది అక్కకు ఎలా తెలియాలి? లోపలున్నవాడు చెప్పాలి. ఎడమ ఇండికేటర్‌తో చెప్పాలి. మన దగ్గర చెప్పరు. చెప్పకపోవడం ఒక్కటే అయితే ఇంత రాసేవాణ్ని కాదు. తప్పు చెబుతారు. నాలుగు ఇండికేటర్లూ వేసి నేరుగా పోతారు.

ఈ అలవాటు చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది, అందుకే తీరిగ్గా చెబుతాను. కాగితం మీద గడియారం గీయండి. నాలుగు దారుల సర్కిల్ అనుకోండి. మీరు 6 దగ్గర లోపలికి వచ్చారు. ఎడమ దారి 9 దగ్గర, నేరు దారి 12 దగ్గర, కుడి దారి 3 దగ్గర. మీరు 12కు పోవాలి. "నేరుగా పోతున్నా" అని చెప్పడానికి నాలుగు లైట్లూ వేశారు. 9 దగ్గర మూతిలో ఒకరు నిలబడి ఉన్నారు. వాళ్లకు మీ కారు ఎడమ పక్క కనిపిస్తుంది. ఎడమ లైటు కొట్టుకుంటోంది. కుడి లైటు మీ బండికి అటు పక్కన ఉంది, మధ్యలో మీ బానెట్, పక్కన ఇంకో బైకు. వాళ్లకు కనిపించేది ఒక్క ఎడమ లైటే. ఎడమ లైటుకు అర్థం ఏమిటి? ఈ కారు 9లోకే తిరుగుతోంది, నా ముందుకు రాదు. వాళ్లు బయల్దేరతారు. మీరు నేరుగా వస్తారు. మీ ఎడమ తలుపు మీదికి వాళ్ల బంపర్. ఇద్దరూ దిగి "లైటు వేసిన గదా" అంటే "లైటు చూసే వచ్చిన" అని కొట్లాడుకుంటారు. ఇద్దరూ నిజమే చెబుతారు.

ఇంకొంచెం ముందుకు పోండి. 9 దాటారు, ఇప్పుడు 12లోకి బయటపడాలి. 12 దగ్గర నిలబడ్డవాళ్లకూ అదే ఎడమ లైటు కనిపిస్తుంది. వాళ్ల విషయంలో అది నిజం. 9 దగ్గరవాళ్ల విషయంలో అబద్ధం. లైటు ఒకటే అయినప్పుడు ఏది నిజమో ఎవరు తేల్చుకోగలరు? రెండుసార్లు మోసపోయినవాడు ఇక ఎవరి ఇండికేటర్‌నూ నమ్మడు. అక్క అంతసేపు ఆగడానికి అసలు కారణం ఇదే. ఆమె భయస్తురాలు కాదు, లోపలున్నవాళ్లు ఆమెకు ఏమీ చెప్పడం లేదు.

వెనకనుంచి వచ్చేవాడికి మాత్రం నాలుగూ కనిపిస్తాయి. వాడు బండి చెడిపోయిందనుకుని బ్రేకు తొక్కుతాడు. వాడి వెనకున్నవాడు ఇంకా గట్టిగా తొక్కుతాడు. నాలుగు లైట్లు బండి చెడి నిలిచిపోయినప్పుడు, తాడు కట్టి లాగుతున్నప్పుడు. నేరుగా పోవడానికి వేరే లైటు లేదు, అక్కర్లేదు కూడా. ఏ లైటూ లేకపోవడమే "నేరుగా పోతున్నా" అనడం.

కాబట్టి ఇలా చేయండి. 9కి పోవాలంటే ముందు నుంచే ఎడమ ఇండికేటర్, బండి ఎడమ అంచున. 12కు పోవాలంటే లోపలికి వచ్చేటప్పుడు ఏ లైటూ వద్దు, 9 దారి మూతి దాటగానే ఎడమ. 3కు పోవాలన్నా, పూర్తిగా చుట్టి వెనక్కి 6కు రావాలన్నా ముందు కుడి ఇండికేటర్, బండి గద్దె వైపు. మీ దారికి ముందున్న దారి మూతి దాటగానే కుడిది తీసి ఎడమది. స్టీరింగ్ తిప్పేటప్పుడు ఇండికేటర్ దానంతట అదే పడిపోతుంది, మళ్లీ వేయండి. ఎడమకు వచ్చే ముందు ఎడమ అద్దం, భుజం మీదుగా ఒక చూపు. మన దగ్గర బైకులవాళ్లు 3కు పోయేవాళ్లు కూడా ఎడమ అంచునే పట్టుకుని చుట్టూ తిరుగుతారు.

దారి తప్పితే ఏం చేయాలని చాలామంది అడుగుతారు. ఏమీ చేయొద్దు, ఇంకో చుట్టు తిరగండి. నేను కొత్త ఊరి సర్కిల్‌లో కావాలనే ఒక చుట్టు ఎక్కువ తిరుగుతాను. దారులు లెక్కపెట్టుకోవచ్చు, ఏ మూతిలో ఆటోలు ఆగి ఉన్నాయో తెలుస్తుంది. మీ దారి మూతిలో ఆటో మనుషులను ఎక్కించుకుంటుంటే దాని వెనక లోపలే నిలబడితే సర్కిల్ అంతా ఆగిపోతుంది. ఇంకో చుట్టు తిరిగి రండి, అది కదిలిపోయి ఉంటుంది.

ఇంకో రెండు సంగతులు. ముందు అద్దానికి కుడి పక్కన ఇనుప పిల్లర్ ఉంటుంది కదా, దాని వెనక ఒక పూర్తి బైకు దాక్కుంటుంది. మూతి దగ్గర కుడికి చూసేటప్పుడు నడుము నుంచి ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి వంగి చూడండి. మెడ తిప్పితే చాలదు. రెండోది బస్సు. ఆర్టీసీ బస్సు ఎడమకు బయటపడేటప్పుడు దాని వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, ఇంకా ఎడమకు కోసుకుని వస్తాయి. బస్సుకూ ఎడమ అంచుకూ మధ్య ఖాళీ కనిపిస్తే అది మీ కోసం కాదు. కొద్ది క్షణాల్లో ఆ చోటులో చక్రం ఉంటుంది. స్కూటీ నడిపే పిల్లలకు ఇది తప్పకుండా చెప్పండి.

ఇక అభ్యాసం. ఈసారి కాస్త ఎక్కువే ఇస్తున్నాను.

సాయంత్రం పూట మీకు దగ్గర్లోని సర్కిల్‌కు నడిచి వెళ్లండి, కారు వద్దు. ఏదో ఒక దారి మూతి దగ్గర ఫుట్‌పాత్ మీద నిలబడండి. నూరు బండ్లు లెక్కపెట్టండి. ఒక్కో బండి ఏ దారిలో బయటికి పోతుందో ముందే మనసులో అనుకోండి. లైటు చూసి, ముందు చక్రం ఎటు మలిగిందో చూసి, బండి గద్దె వైపు ఉందా అంచున ఉందా చూసి. తర్వాత నిజంగా ఎటు పోయిందో చూసి కాగితం మీద గీత పెట్టండి. మొదటి ఇరవైలో సగానికి పైగా తప్పుతారు. తొంభై దాటేసరికి లైటు వేయనివాడి చక్రం కూడా మీతో మాట్లాడుతుంది.

ఆ తర్వాత వచ్చే ఆదివారం పొద్దున్నే, ఆరు కాకముందే, పక్కన డ్రైవింగ్ వచ్చినవాళ్లను కూర్చోబెట్టుకుని అదే సర్కిల్‌కు కారులో వెళ్లండి. లోపలికి వచ్చే ముందు పక్కవాళ్లు ఒక అంకె చెప్పాలి: తొమ్మిది, పన్నెండు, మూడు, ఆరు. మీరు ఆ దారిలోనే, సరైన చోట ఇండికేటర్ వేసి బయటపడాలి. ఇరవై సార్లు. ఒక్కసారి ఇండికేటర్ మరిచిపోయినా మళ్లీ ఒకటి నుంచి లెక్క.

అక్కా, మీరు మాత్రం సాయంత్రం ఏడు గంటలకు కూడా ఒకసారి వెళ్లి రండి. మీకు హారన్లు కొట్టినవాళ్లు అప్పుడే ఉంటారు. నూరు బండ్ల కాగితం పారేయకండి, ఎవరి కాగితం వాళ్లు దగ్గర పెట్టుకోండి. హైదరాబాద్ వైపు 163 హైవే మీదికి కలిసేటప్పుడు కూడా ఎదుటివాడు ఎటు పోతాడో ఇలాగే ముందే చదవాలి. తొమ్మిదో పాఠం ఆ లెక్కతోనే మొదలుపెడతాను.