పాడుబడ్డ బంగారు గని దగ్గర రాళ్లను చదవడం ఎలా?

గని చూడ్డానికి వెళ్లి బంగారం కోసం వెతికితే ఉత్త చేతులతో వస్తారు. తుప్పు కోసం వెతకండి, కథంతా దొరుకుతుంది.

కాలిఫోర్నియాలోని జాషువా ట్రీ నేషనల్ పార్కుకు వెళ్లిన మనవాళ్లు ఆ వింత చెట్ల దగ్గర ఫొటోలు దిగి, సాయంత్రానికి లాస్ ఏంజెలెస్ చేరిపోతుంటారు. అదే పార్కులో లాస్ట్ హార్స్ అనే పాత గని ఉంది. 1894 నుంచి 1931 మధ్య 10,000 ఔన్సులకు పైగా బంగారం ఇచ్చింది, అంటే సుమారు మూడు క్వింటాళ్లు. ఇంకో 16,000 ఔన్సుల వెండి కూడా. ఈసారి వెళ్తే సగం రోజు దీనికి కేటాయించండి.

1. సిద్ధం కావడం

కీస్ వ్యూ రోడ్డు పక్కనుంచి దారి మొదలవుతుంది, రానూపోనూ 4 మైళ్లు. దారిలో చుక్క నీరు దొరకదు, ఎవరి నీళ్లు వాళ్లే మోసుకెళ్లాలి. ఎండాకాలం వద్దు. చిన్న భూతద్దం చాలు, సుత్తి అక్కర్లేదు. పార్కులో రాయి పగలగొట్టడం, జేబులో వేసుకోవడం రెండూ నేరమే. గని చుట్టూ ఉన్న కంచె దాటకండి. కుళ్లిన కలప, గాలి ఆడని సొరంగం, వందల అడుగుల లోతు.

2. ముందు చుట్టుపక్కల రాయి

పార్కు అంతా కనిపించే గుండ్రటి బండలు గ్రానైట్ జాతివి, డైనోసార్ల కాలంలో భూమి లోపల చల్లబడినవి. గని దగ్గర కొండ వేరు. అక్కడ మడతకాజా పొరల్లా నలుపు తెలుపు చారలున్న రాయి కనిపిస్తుంది. దాన్ని నైస్ అంటారు. వయసు సుమారు 170 కోట్ల ఏళ్లు. పైరంగు చూసి మాత్రం మోసపోవద్దు. ఎడారిలో రాళ్ల మీద ఇనుము, మాంగనీసు, బంకమట్టి కలిసి నల్లటి పూత కడతాయి. విరిగిన ముఖమే అసలు ముఖం.

3. గనిలోకి దిగకుండానే లోపలి రాయి చూడటం

సొరంగం నోటి కింద గుట్టగా పోసి ఉన్న రాళ్లు చూడండి. అవన్నీ పనికిరావని పైకి తెచ్చి పారబోసినవే. మనకు పనికొచ్చేవి అవే! అందులో తెల్లటి పలుగురాయి ముక్కలు వెతకండి. అనంతపురం చేలల్లో కాలికి తగిలే రాయే ఇది. అక్కడి రామగిరి గనిలోనూ బంగారం పలుగురాతి సిరల్లోనే, అంటే రాతి పగుళ్లలో నిండిన పలుగురాతి చారల్లోనే దొరికింది. వాటినే కోలారు గని కార్మికులు రీఫు అనేవాళ్లు.

భూమి లోపలి వేడినీటిలో గంధకంతో జతకట్టి బంగారం కరిగి ప్రయాణిస్తుంది. ఆ నీరు పగుళ్లలోంచి పైకి వస్తుంటే వేడి, ఒత్తిడి తగ్గుతాయి. అప్పుడు పలుగురాయి గడ్డకడుతుంది, బంగారమూ అందులోనే దిగబడిపోతుంది.

మల్లెపువ్వులా తెల్లగా ఉన్న పలుగురాయిలో సాధారణంగా ఏమీ ఉండదు. ఇటుక రంగు, తేనె రంగు మరకలున్నదే చూడదగ్గది. బంగారంతో పాటు వచ్చే పైరైట్ అనే ఇనుప ఖనిజం గాలికి, వానకి తుప్పు పట్టి వదిలిన గుర్తులవి. భూతద్దంలో చూస్తే కొన్నిచోట్ల చిన్న చిన్న నలుచదరపు గుంటలు కనిపిస్తాయి. పైరైట్ పలుకు ఊడిపోయిన జాగా అది.

4. మెరిసిందల్లా ఏమిటో తేల్చుకోవడం

మొదటిసారి నేను ఎగిరి గంతేసింది కాకిబంగారం చూసి, అంటే అభ్రకం. మా ఆవిడ ఇప్పటికీ గుర్తుచేస్తుంది. రాయిని అటూ ఇటూ తిప్పండి. అభ్రకం ఒక కోణంలో మెరిసి ఇంకో కోణంలో ఆరిపోతుంది. పైరైట్‌కి పదునైన అంచులుంటాయి, రంగు కాస్త పాలిపోయి ఉంటుంది. నీడలోకి తెచ్చినా అదే పసుపు నిలిస్తేనే బంగారమేమో అనుకోవాలి. అలాంటిది దొరికే అవకాశం చాలా తక్కువ, దొరికినా అక్కడే పెట్టేయాలి.

5. మిల్లు

పది రోకళ్ల మిల్లు ఇంకా నిలబడే ఉంది. ఆవిరి యంత్రంతో రాయిని దంచి, ఆ బురదను పాదరసం పూసిన రాగి పళ్లేల మీద పారించేవాళ్లు. బంగారం పాదరసానికి అంటుకుని ముద్దయ్యేది. రాత్రి షిఫ్టు చూసే గని భాగస్వామి జానీ లాంగ్ ఆ ముద్దలో సగం నొక్కేశాడని, పట్టుబడి వాటా అమ్ముకుని వెళ్లిపోయాడని పార్కు వాళ్లు చెప్పే కథ. 1931లో దంచగా మిగిలిన 600 టన్నుల పొడిని సైనైడ్‌తో మళ్లీ కడిగారు. అందుకే మిల్లు దగ్గరి మెత్తటి ఇసుక ముట్టుకోకండి, పిల్లల్ని ఆడనివ్వకండి. రాయిని నాలుకతో తడిపి చూసే అలవాటు కొందరికి ఉంటుంది, ఇక్కడ అది అసలు వద్దు.

6. సిర తెగిన గుర్తులు

1905 ప్రాంతంలో తవ్వుతూ పోతున్నవాళ్లకు అకస్మాత్తుగా సిర తెగిపోయింది. ఎదురుగా ఒక భ్రంశం, అంటే భూమి చీలి ఒక పక్క జరిగిపోయిన చోటు. ఆవలి ముక్క ఎటు జరిగిందో ఎంత వెతికినా తెలియలేదు. భ్రంశాన్ని పట్టుకోవాలంటే మూడు చూడండి: నునుపుగా అరిగి గీతలు పడ్డ రాతిముఖం, పొడిపొడిగా నలిగిన రాయి, నైస్ చారలు ఉన్నట్టుండి దిశ మారడం. మొదటి రెండూ పారబోసిన రాళ్లలోనే దొరకొచ్చు. మూడోది మాత్రం కొండవాలు మీదే చూడాలి, పొద్దున ఏటవాలు ఎండలో అయితే చారలు బాగా తేలతాయి.